వస పోసిన చెయ్యి

తలుపు అవతల గణేష్ రాగం తీస్తూనే ఉన్నాడు. రాగమంటే రాగం కాదు, ఒకే స్వరం, ముక్కులోంచి ఊఁ అని మొదలై ఎక్కడా తెగకుండా సాగే చప్పుడు, ఊపిరి తీసుకోవడానికి మాత్రం ఆగి మళ్ళీ అక్కడే అందుకుంటాడు. ఆకలేస్తే ఆ ఊఁ పైకి లేస్తుంది, నిద్రొస్తే కిందికి దిగుతుంది, నోట్లో ముద్ద ఉన్నప్పుడు బొంగురుపోయి బుగ్గల్లోపలే తిరుగుతుంది. ఈ తేడాలు తెలిసిన మనిషి భూమ్మీద ఒక్కతే, ఆ ఒక్కతీ ఇప్పుడు విజయవాడలో ఒక ఆసుపత్రిలో, ఆపరేషన్ థియేటర్ పక్క గదిలో, ఆకుపచ్చ గౌను కట్టించుకుని, చేతికి సెలైన్ సూది గుచ్చించుకుని, ఎడమవైపు తిరిగి పడుకుని ఉంది. ఊఁ పైకి లేచింది. రామతులసి దుప్పటి అంచుని పిడికిట్లో పట్టుకుంది. పొద్దున్నించి ఏమీ తినలేదు వాడు. తను తినలేదంటే డాక్టర్లు వద్దన్నారు కాబట్టి, వాడు తినలేదంటే పెట్టే చెయ్యి ఇక్కడ పడుకుని ఉంది కాబట్టి.

లోపల ఎవరికో అర్జెంటు కేసు వచ్చిందని, ఇంకో గంట పట్టేలా ఉందని ఆయా అమలమ్మ చెప్పిపోయింది. పట్టనీ, మంచిదే అనుకుంది రామతులసి, ఈ గంటలో వాడి నోట్లో వేరే చేతి ముద్ద పడాలి, పడ్డాకే నేను లోపలికి వెళ్తాను, లేకపోతే ఈ బిడ్డని కడుపులోనే పెట్టుకుని బస్సెక్కి మంగళగిరి పోతాను. పోలేనని ఆమెకీ తెలుసు. అయినా అలా అనుకుంటే వెన్ను కాస్త నిటారుగా నిలబడ్డట్టుంటుంది, పడుకున్న మనిషికి కూడా. ఆపరేషనయ్యాక కొన్నాళ్ళు వంగడానికి లేదు, లేవడానికి లేదు, పిల్లల్ని వార్డులోకి రానివ్వరు. అన్నాళ్ళు ఆరేళ్ళ కొడుకు ఏం తిని బతుకుతాడు? బిస్కెట్టు తినడు, బ్రెడ్డు తినడు, తాలింపు లేని పెరుగన్నం ఒక్కటే తింటాడు, అదీ చేత్తో కలిపి చేత్తో పెడితేనే. స్పూను పళ్ళకి తగిలిందంటే ఇల్లు పీకి పందిరేస్తాడు. వాడికి చెయ్యి ముఖ్యం. ముఖాలు చూడడు, చేతులు చూస్తాడు, ముందు మణికట్టు దగ్గర వాసన చూస్తాడు, తర్వాత అరచెయ్యి, అప్పుడు గానీ నోరు తెరవడు. పోలీసు కుక్క కూడా అంత సోదా చెయ్యదు.

ఎన్ని చేతులు ప్రయత్నించలేదు. కడుపుతో ఉన్నానని తెలిసిన నాటినుంచీ ఇదే పని. తన తల్లి మాణిక్యం హనుమాన్ జంక్షన్‌లో టిఫిన్ హోటలు మూసేసి మరీ వచ్చింది, ఆవిడ గొంతు హైవే మీద లారీని ఆపగలదు, ఓరి నా బంగారుకొండా రారా అని ఆవిడ అనేసరికి బంగారుకొండ చెవులు మూసుకుని మంచం కిందికి దూరాడు, బతిమాలి బయటికి లాగి ముద్ద పెడితే వేలు కొరికాడు, పళ్ళు మాత్రం గట్టివేలే అమ్మాయ్ అని ఆవిడ వేలికి పసుపు పెట్టుకుని బస్సెక్కింది. భర్త దుర్గాశంకర్ చేత్తో కొన్నాళ్ళు తిన్నాడు, చీరల కొట్లో పొద్దస్తమానం మడతలు విప్పి మడతలు పెట్టే ఆ చేతులకి గంజి వాసన ఉంటుంది, ఆ వాసన వాడికి అలవాటే. ఒకరోజు మాత్రం శంకర్ శానిటైజరు రాసుకుని వచ్చాడు. అంతే, ఆ చేతికి తలుపులు మూసుకుపోయాయి, ఎన్నిసార్లు కడుక్కున్నా తెరుచుకోలేదు. భవానీపురంలో థెరపీ చెప్పే రాజేశ్వరి మేడమ్ మాత్రం నవ్వుతూ అంది, మనం ఎంచితే కుదరదండీ, వాడెవరి చెయ్యి ఎంచుకుంటున్నాడో చూడండి అని. చూడక్కర్లేదు, రామతులసికి ఎప్పుడో తెలుసు. మధ్యాహ్నం పూట అత్తగారు చాప మీద కునుకు తీస్తుంటే వాడు పిల్లిలా వెళ్ళి పక్కన పడుకుంటాడు, ఆవిడ కుడిచెయ్యి రెండు చేతుల్తో ఎత్తి తన చెంప మీద పెట్టుకుంటాడు, ఆ చెయ్యి బరువుకి కళ్ళు మూసుకుంటాడు. నిద్రలో ఉన్నంతసేపూ ఆవిడకి తెలీదు. తెలివొచ్చిందా, నిప్పు తగిలినట్టు చెయ్యి లాక్కుని, పమిట కిందికి పెట్టుకుని, వంటింట్లోకి వెళ్ళిపోతుంది. వాడు ఖాళీ చాపని వాసన చూస్తూ అక్కడే ఉంటాడు.

ఆవిడ పేరు బాలత్రిపురసుందరి, అంత పేరు పలకడానికి ఓపిక లేక వీధి వీధంతా సుందరమ్మ గారు అంటారు. మంగళగిరిలో మగ్గాలున్న ఆ వీధిలో పుట్టిన పిల్లలందరికీ వస పోసింది ఆవిడే. వసకొమ్ముని ఆముదం దీపం మీద కాల్చి, సాన మీద తల్లిపాల చుక్కతో అరగదీసి, చంటిబిడ్డకి తలంటి సాంబ్రాణి పొగ వేశాక ఆ గంధాన్ని చిటికెనవేలితో నాలుక మీద రాస్తే మాటలు తొందరగా వస్తాయని, స్పష్టంగా వస్తాయని నమ్మకం. ఎవరి వేలితో పడితే వారి వేలితో రాయించరు, మంచి చెయ్యి కావాలి. సుందరమ్మ గారి చెయ్యి మంచిదని ఎవరు మొదట అన్నారో గానీ పిల్ల పుట్టిన ఇంటివాళ్ళు ఆవిడకోసం వాకిట్లో నిలబడేవారు. రత్తయ్య కొడుకు లాయరయ్యాడంటే ఆవిడ చెయ్యి, సంజీవరావు గారి మనవరాలు స్కూల్లో స్పీచి ఇచ్చి కప్పు తెచ్చిందంటే ఆవిడ చెయ్యి, ఎవడైనా గుక్కతిప్పుకోకుండా వాగుతుంటే ఏరా సుందరమ్మ గారు గిన్నెడు వస పోశారా అని నవ్వేవారు. పెళ్ళయి వచ్చిన కొత్తలో రామతులసికి ఆ గర్వం చూస్తే ముచ్చటేసేది. చదువుకోని మనిషి, మామగారు పోయాక పిల్లాడిని ఒంటిచేత్తో పెంచిన మనిషి, వీధిలో తలెత్తుకు నడిచేది ఆ వేలి మీదే. మరి సొంత మనవడు పుడితే ఆవిడ ఎంత శ్రద్ధగా చేసి ఉంటుంది. ప్రతి తలంటుకీ పోసింది. సాన మీద అరగదీస్తూ ఏదో గొణుక్కునేది, వాడి నాలుక మీద రాస్తుంటే వాడు మొహం వికారంగా పెట్టేవాడు, చూడవే తులసీ, వీడు ఊరేలే మాటకారి అవుతాడు అనేది.

ఊఁ ఇంకా పైకి లేచింది. ఇప్పుడు నేల మీద పడుకుని ఉంటాడు, నేల చల్లగా ఉంటే వాడికి ఇష్టం. ఆసుపత్రి నేల, ఫినాయిలు వాసన. ఆ వాసనకి భయపడి ఉంటాడా? గచ్చు మీద బుగ్గ ఆన్చి ఫ్యాను నీడ తిరగడం చూస్తూ ఉంటాడా? క్యారేజీ అక్కడే అత్తగారి పక్కన ఉంది, పొద్దున్న ఈ చేతులే కలిపి పెట్టాయి, మూత తీస్తే చాలు.

వాడికి రెండేళ్ళు నిండేసరికి నోట అమ్మా లేదు, అత్తా లేదు. ఎవరి ఇంట్లోనో సీమంతానికి వెళ్ళినప్పుడు ఆ వీధిలోనే ఉండే మణెమ్మ, చెడ్డది కాదు, నోటికి తలుపు లేదంతే, గంధం రాస్తూ రాస్తూ అంది, వస ఎక్కువైతే నాలుక మొద్దుబారుతుందంట గదా సుందరమ్మ గారూ, మా ఆడపడుచు చెప్పింది. అంతే అన్నది. తాంబూలాలు ఇచ్చారు, శనగలు ఇచ్చారు. ఆ తర్వాత ఆ వీధిలో పిల్లలు పుట్టారు, వస పోయించుకున్నారో లేదో గానీ సుందరమ్మ గారి వాకిట్లో ఎవరూ నిలబడలేదు. ఆవిడ ఏడవలేదు, ఎవరితోనూ దెబ్బలాడలేదు. ఒకరోజు పిల్లాడిని థెరపీకి తీసుకెళ్తుంటే నేనూ వస్తానని ఆటో ఎక్కింది, బ్యారేజీ మధ్యలో ఆపమంది, ఇక్కడ ఆపకూడదమ్మా అని ఆటోవాడు మొత్తుకుంటుండగానే దిగి, సంచీలోంచి సాన తీసి, పిట్టగోడ మీంచి కృష్ణలోకి వదిలేసింది. అందరూ రూపాయి బిళ్ళలు వేస్తారు, ఆవిడ రాయి వేసింది. పోలీసు విజిలు వేశాడు. గణేష్ మాత్రం గేట్ల కింద తెల్లగా దూకుతున్న నీళ్ళని చూసి చేతులు రెక్కల్లా ఆడించాడు, వాడికి ప్రపంచంలో అంతకన్నా ఇష్టమైన చోటు లేదు. ఆవిడ వాడి సంతోషం చూసి మొహం తిప్పుకుంది. ఆనాటినుంచి వాడికి అన్నీ చేస్తుంది, బట్టలు ఉతుకుతుంది, అన్నం వండుతుంది, వాడు వరసగా పేర్చిన నూలు కండెల్ని కాలు తగలకుండా దాటుతుంది, చెయ్యి మాత్రం వాడి మూతి దాకా రానివ్వదు. పాపిష్టి చెయ్యి అంటుంది. రామతులసి ఎన్నిసార్లు చెప్పినా అదే మాట.

అయితే అప్పుడు తన దగ్గర చెప్పడానికి ఏమీ లేదు. కాదత్తయ్యా అనడం తప్ప ఎందుకు కాదో తెలీదు. పైగా ఒక్కోరోజు, ఎవరికీ చెప్పలేదు గానీ, తనకీ అనుమానం వచ్చేది. ఆ మచ్చ కూడా పోయింది పోయిన నెలలోనే. జన్యువుల డాక్టరు అక్షయ, చిన్నపిల్లే, జడ భుజం మీదికి వేసుకుని లాప్‌టాప్ వాళ్ళవైపు తిప్పింది. ముగ్గురి రక్తమూ ఎక్కడికో పంపి తెప్పించిన ఫలితం అప్పటికే ఆమె నోటితో చెప్పేసింది. మీ బాబుకి ఒక జన్యువులో ఒకే ఒక్క అక్షరం మారిందండీ, మీ ఇద్దరిలోనూ ఆ మార్పు లేదు, వాడిలో కొత్తగా వచ్చింది, వాడు బిడ్డగా కుదురుకునేటప్పుడే. మేనరికమా అని చూసినవాళ్ళందరూ అడిగి, కాదంటే కాస్త నిరాశపడి వెళ్ళేవారు, ఇప్పుడు వాళ్ళకి చెప్పడానికి ఇంకా కష్టమైన జవాబు దొరికింది. తెర మీద రెండు కొమ్మలు చూపించింది అక్షయ. మెదడులో కణం అంటే గుండ్రటి బుడగ అనుకుంది రామతులసి ఇన్నాళ్ళూ, కాదట, దానికి కొమ్మలుంటాయట, కొమ్మల నిండా సన్నటి మొగ్గల్లాంటివి, పక్క కణం పంపిన కబురు వచ్చి వాలేది ఆ మొగ్గల మీదే. మొదటి కొమ్మకి మొగ్గలు దట్టంగా, పొట్టిగా, తలలు బొద్దుగా ఉన్నాయి. రెండోదానికి, ఈ మార్పున్న కొమ్మకి, అక్కడొకటి ఇక్కడొకటి, ఉన్నవి కూడా సన్నగా పొడుగ్గా సాగి ఉన్నాయి. మొగ్గ మొదట్లో దాన్ని గట్టిగా నిలబెట్టడానికి ఒక ప్రోటీను కావాలండీ, అది ఎలా తయారవ్వాలో చెప్పే జన్యువులోనే ఈ మార్పు, అందుకని కబురు వెళ్తుంది గానీ నిలవాల్సినట్టు నిలవదు. అందరికీ ఇలాగే ఉండదు, వేరే జన్యువైతే మొగ్గలు మరీ ఎక్కువైపోయిన పిల్లలూ ఉంటారు, ఒక్కొక్కరిది ఒక్కో తీరు. శంకర్ ముందుకి వంగి, ఇది మావాడి మెదడా మేడమ్ అన్నాడు. కాదండీ, ల్యాబులో ఎలుకది. ఎలుకదా అని వాడి తండ్రి చిన్నబుచ్చుకున్నాడు. కొడుక్కి గణేష్ అని పేరు పెట్టుకుని ఎలుక దగ్గర చిన్నబోతే ఎలా అని రామతులసి లోపల నవ్వుకుంది, ఆ గదిలో నవ్వొచ్చినందుకు ఆశ్చర్యం కూడా వేసింది.

మందుందా మేడమ్? లేదండీ, వెతుకుతున్నారు. మరి ఆ మొగ్గలు గట్టిపడవా? మెదడు నేర్చుకున్నకొద్దీ మారుతూనే ఉంటుందండీ, మీరు చేసే థెరపీ అందుకే, ఎంతవరకో మాత్రం నేను మాటివ్వను. ఇప్పుడు కడుపులో ఉన్న బిడ్డకి? అవకాశం చాలా తక్కువండీ, లేదని మాత్రం చెప్పను. లేదని చెప్పనన్న ఆ ఒక్క మాటకే రామతులసికి ఆ అమ్మాయి మీద నమ్మకం కుదిరింది. లేచి వచ్చేస్తూ అడిగింది, చిన్నప్పుడు వస పోశామండీ, దానివల్ల ఏమైనా. అక్షయ తల అడ్డంగా ఊపింది. మా అమ్మమ్మ నాకూ పోసిందండీ, ఇప్పుడైతే చంటిపిల్లలకి వద్దంటాం, కానీ దీనికీ దానికీ ఏ సంబంధమూ లేదు. బయట మందులషాపు బల్ల మీద పిల్లాడి పక్కన కూర్చుని ఉన్న అత్తగారికి ఆ మాట అప్పుడే పరిగెత్తుకెళ్ళి చెప్పింది. ఆవిడ విన్నది, తల ఊపింది, డాక్టర్లు అలాగే అంటారమ్మా, కన్నవాళ్ళు ఏడుస్తారని అంది. చెయ్యి పమిట కిందే ఉంది.

ఆనాటినుంచి ఈ క్షణం దాకా రామతులసి బుర్రలో ఒకటే వంట, అత్తయ్యకి ఎలా చెప్పాలి. ఆ ఇంట్లో ఏం చెప్పాలన్నా మగ్గంతో పోల్చాలి, అది ఆచారం. శంకర్ అక్షయ ముందే అనేశాడు, అంటే పోగు తెగినట్టన్నమాట. తెగితే అత్తయ్య ఊరుకుంటుందా, మరి ముడి వెయ్యరేం అంటుంది, ఆవిడ వేసిన ముడులు ఎన్ని చీరల్లో దాక్కుని ఉన్నాయో. పైగా తెగలేదు, అది అబద్ధం, వాడిలో తెగినదేదీ లేదు, మొదటినుంచీ అలాగే కుదిరాడు. మునగకొమ్మ అని చెబుదామా, కొన్ని కొమ్మలకి మొగ్గ పలచగా పడుతుందని? అయితే దిష్టి తగిలిందంటుంది. పిండివంట అని చెబుదామా, బెల్లం బదులు ఉప్పు పడిందని? ఎవరు వేశారంటుంది, మళ్ళీ తన వేలే చూసుకుంటుంది. ఏ పోలిక తెచ్చినా చివరికి అందులో ఒక చెయ్యి ఉంటుంది, ఆ చెయ్యి ఆవిడదే అవుతుంది. చెయ్యే లేని పోలిక కావాలి. కడుపులో బిడ్డ మోకాలో మోచెయ్యో పెట్టి ఒక్క తోపు తోసింది, రామతులసి అక్కడ అరచెయ్యి వేసింది. ఇదిగో ఇక్కడ, ఇప్పుడు కూడా, కొమ్మలు వేస్తూ ఉంటాయి కణాలు, మొగ్గలు తొడుగుతూ ఉంటాయి, నేను తోడు లేను, నువ్వు ఎవరివో నాకు తెలీదు, నా చెయ్యి లోపలికి రాదు. ఎవరి చెయ్యీ రాదు. మొన్నటిదాకా ఈ తలపుకి భయమేసేది. ఇవాళ వెయ్యలేదు. ఎలా కుదిరినా సరే రా, దట్టంగా వచ్చినా పలచగా వచ్చినా రా, మాట్లాడినా మానినా రా, నీకోసం కాదు గానీ నీ అన్నకోసం, ఆ తర్వాత అవసరమైతే నీకోసమూ, ముద్ద పెట్టే ఇంకో చెయ్యి సంపాదించి పెట్టే వస్తాను. ఇవాళే. ఈ గంటలోనే.

ఊఁ తెగింది. తెగిన తర్వాత వచ్చేది రెండిట్లో ఒకటి, ముద్ద పడ్డ బొంగురు రాగం, లేదా తల గోడకేసి కొట్టుకునే ఏడుపు. ఏడుపే వచ్చింది. శంకర్ గొంతు వినబడింది, వద్దు నాన్నా వద్దు నాన్నా అని, కాళ్ళు నేలకేసి కొడుతున్న చప్పుడు, ఎవరో పిల్లాడికి ఫోనివ్వండి అంటున్నారు, ఇంకెవరో ఇంతవాడు అన్నం తినడానికి ఇంత పేచీ ఏంటండీ అంటున్నారు. అమలమ్మ తలుపు తోసుకుని వచ్చి సెలైను చూసింది.

“ఏడుస్తున్నాడమ్మా మీ బాబు. నాయనమ్మ గారు స్పూనుతో పెట్టబోయారు.”

“చేత్తో పెట్టలేదా?”

“క్యారేజీ ముందు పెట్టుకుని కూచున్నారు గానీ చెయ్యి పెట్టట్లేదు. ఆచారమేమో అనుకున్నా.”

“మా అత్తయ్యని ఒకసారి లోపలికి పంపండి.”

“ఇక్కడికి రానివ్వరమ్మా. కానుపయ్యాక చూద్దురుగాని.”

రామతులసి మోచేతి మీద లేచింది, కాళ్ళు కిందికి దించింది, సెలైను సీసాకేసి చెయ్యి చాచింది. అమలమ్మ ఏళ్ళ తరబడి ఆ గదిలో ఎంతమందిని చూసిందో, ఏడ్చేవాళ్ళని, దణ్ణాలు పెట్టేవాళ్ళని, ఇలా సీసా పట్టుకుని నడిచిపోదామనుకున్న మనిషిని చూసినట్టు లేదు. ఉండమ్మా తల్లీ ఉండు, డాక్టరమ్మ చూస్తే నా ఉద్యోగం పోతుంది, చెప్పులు విప్పించి తీసుకొస్తా, ఒక్క మాట మాట్లాడి పంపెయ్యి అని గబగబా వెళ్ళింది.

సుందరమ్మ గారు తలుపు దగ్గరే ఆగిపోయింది. పమిట భుజాల చుట్టూ కప్పుకుంది, చెయ్యి అందులోనే. కోడల్ని ఆకుపచ్చ గౌనులో చూసి కళ్ళు తుడుచుకుంది, ఎడమచేత్తో. రామతులసి సిద్ధం చేసుకున్న కొమ్మలూ మొగ్గలూ అక్షరాలూ అన్నీ ఒక్కసారి మీద పడ్డాయి, ఒక్కటీ నోటికి రాలేదు. వచ్చింది ఇంతే.

“అత్తయ్యా, మీ చెయ్యి వాడి మీద పడకముందే వాడు అలా కుదిరాడు. నా కడుపులో. అక్కడ మీరు లేరు, నేనూ లేను.”

“చెప్పావుగా తులసీ.”

“నమ్మలేదుగా మీరు.”

బయట ఏడుపు గొంతు తగ్గి మళ్ళీ ఊఁలోకి దిగింది, అలిసిపోయిన ఊఁ.

“నమ్మితే మరి రత్తయ్య కొడుకో?” అంది సుందరమ్మ గారు. “వాడి నాలిక మీద రాసింది నేనే. సంజీవరావు గారి పిల్లకీ నేనే. వీధి వీధంతా నా చెయ్యే అన్నారు. వీడి దాంట్లో నా చెయ్యి లేదంటే, వాళ్ళ దాంట్లోనూ లేనట్టేగా.”

రామతులసి ఇన్ని పోలికలు వెతికింది గానీ ఈ మాట తట్టలేదు. ఇన్నేళ్ళుగా ఆవిడ పమిట కింద దాచుకున్నది పాపం ఒక్కటే కాదు, దాంతోపాటు ఆ వీధిలో తలెత్తుకు నడిచిన నలభై ఏళ్ళూ అక్కడే ఉన్నాయి, ఒకటి వదిలితే రెండోదీ పోతుంది. పాపమైనా సరే, నాది అని ఒకటి ఉండాలి మనిషికి. అబద్ధం చెప్పెయ్యి అంది లోపల ఒక గొంతు, వాళ్ళందరికీ మీ చెయ్యే అత్తయ్యా, వీడికి మాత్రం కాదు అని చెప్పెయ్యి, ముసలిప్రాణం, పోయేదేముంది. జాలి వేసింది, చాలా జాలి వేసింది. కానీ ఆ అబద్ధాన్ని ఆవిడ రేపటికి మళ్ళీ తిరగేసుకుంటుంది, మంచికి పనిచేసిన చెయ్యి చెడుకి ఎందుకు పనిచెయ్యదు అని, రేపటికి చెయ్యి మళ్ళీ పమిట కిందికి వెళ్తుంది. రేపు కూడా వాడికి ఆకలేస్తుంది.

“లేదత్తయ్యా” అంది. “వాళ్ళ దాంట్లోనూ లేదు. వాళ్ళకి మాటలు వచ్చేవే, వచ్చాయి. మీది ఉత్త చెయ్యి. నాలాగే.”

అమలమ్మ గుమ్మంలో కాళ్ళు మార్చుకుంది. దయలేదే నీకు అని అత్తగారు అంటుందేమోననుకుంది రామతులసి, అన్నా పడటానికి సిద్ధంగానే ఉంది. ఆవిడ పమిట కొంచెం జరిగింది. కుడిచెయ్యి బయటికి వచ్చింది, ముడతలు పడ్డ చెయ్యి, చిటికెనవేలు కాస్త వంకర, ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పి ఎవరిదో అన్నట్టు చూసుకుంది.

“వాసన చూస్తాడుగా” అంది చివరికి.

“చూస్తాడు. వెనక్కి తీసుకోకండి.”

“ఎంతసేపు చూస్తాడు?”

“చూసినంతసేపూ.”

ఆవిడ తల ఊపి వెళ్ళిపోయింది. వెళ్తూ వెళ్తూ చెయ్యి ఎక్కడ కడుక్కోవాలమ్మా అని అమలమ్మని అడగడం వినబడింది, సబ్బు వద్దు ఉత్త నీళ్ళు చాలు అనడం కూడా. ఆవిడకి ఎవరు చెప్పారు సబ్బు వద్దని? ఎవరూ చెప్పలేదు. దూరంనుంచే అయినా ఇన్నేళ్ళూ చూస్తూనే ఉంది.

లోపలినుంచి పిలుపొచ్చింది. స్ట్రెచర్ చక్రాలు కిర్రుమన్నాయి, ఇంకో తలుపు తెరుచుకుంది, చల్లగాలి మొహాన కొట్టింది. ఇటువైపు తలుపునుంచి వరండా కనబడదు. లైటు కింద కూర్చోబెట్టారు, గడ్డం ఛాతీకి ఆన్చి ముందుకి వంగమన్నారు, వీపు మీద చల్లటి దూది తిరిగింది, మత్తు డాక్టరు సూది వేస్తానండీ కదలకండి అన్నాడు. ఒక్క నిమిషం డాక్టరు గారూ అంది. ఏమైందమ్మా? ఒక్క నిమిషమండీ. రెండు తలుపుల అవతల ఊఁ సన్నగా వినబడుతోంది, ఇంకా పైనే ఉంది, ఆకలి ఊఁ. ఇప్పుడు మణికట్టు దగ్గర ముక్కు పెట్టి ఉంటాడు. వెనక్కి తీసుకోకండి అత్తయ్యా, తీసుకోకండి. ఇప్పుడు అరచెయ్యి. నర్సు ట్రే సర్దుతోంది, ఆ చప్పుడు ఆపమనాలనిపించింది. ఊఁ తెగింది. రామతులసి కళ్ళు గట్టిగా మూసుకుంది. ఏమీ లేదు, ఏడుపు లేదు, కాళ్ళ చప్పుడు లేదు, ఏసీ రొద ఒక్కటే. ఇంకా లేదు. ఇంకా. అప్పుడు మళ్ళీ మొదలైంది, కిందనుంచి, బొంగురుగా, బుగ్గల్లోపలే తిరుగుతూ, ఊఁ అని.

“ఇప్పుడు వెయ్యండి” అంది రామతులసి, ఇంకాస్త ముందుకి వంగి.